కప్పు చప్పుడు

పోయిన వారం అమ్మ ముందు అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒప్పుకున్న మాట ఇదీ. పొయ్యి దగ్గరే గుండె ఆగి పోయిన నాన్న వదిలిన బేకరీని అమ్మేయాలా, నడుపుకోవాలా అని ఇంట్లో ఇన్నాళ్ళూ జరిగిన రభస ఇక చాలు. నోళ్ళతో తేలనిది పేకతో తేల్చుకుంటారు. పోకరాటలో ఎవరి పందెం బిళ్ళలు ముందు అయిపోతే వాళ్ళు నోరు మూసుకోవాలి, రెండోవాళ్ళు ఎలా అంటే అలా. అన్నయ్య గెలిస్తే, ఊరంతా దుకాణాలు తెరుస్తున్న పెద్ద కంపెనీకి బేకరీ అమ్మేస్తారు. చెల్లెలు గెలిస్తే పొయ్యి ఆరదు.

చెల్లెల్ని అందరూ మిరప అంటారు. పాకే వయసులో నాన్న పెట్టిన ముద్దుపేరు. కోపం అందరికీ ముక్కు మీద ఉంటుంది, మా పిల్లకి ముక్కు కన్నా ఒక అడుగు ముందు నడుస్తుంది అనేవాడాయన. ఇద్దరికీ పేక నేర్పిందీ ఆయనే. పిండి పొంగేదాకా చేయడానికి పనుండదు కదా, ఖాళీ రేకుపళ్ళెం ఒకటి బోర్లించి, దాని మీద ముక్కలు పంచేవాడు. ఆ పళ్ళెం చుట్టూ పెరిగిన ఇద్దరూ ఇప్పుడు ఒకళ్ళ ఎదురుగా ఒకళ్ళు కూర్చుని, ఒకళ్ళ నోటి కూడు ఒకళ్ళు లాక్కోవడానికి సిద్ధమయ్యారు.

ఆట మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలైంది. సైకిళ్ళ షాపు మీద పైగదిలో నడిచే పేక క్లబ్బు. కింద నుంచి ట్యూబులకు అంటించే జిగురు వాసన, చక్రాలు సరిచేసే సుత్తి చప్పుడు పైకి వస్తూనే ఉంటాయి. గుండ్రటి బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, ఆ గుడ్డ మీద ఎవడో సిగరెట్టు ఆర్పిన నల్ల మచ్చ. క్లబ్బు నడిపే ముసలావిడని ఊరంతా మామ్మ అంటుంది. ముక్కలు పంచేది ఆవిడే. పంపకం మీద పేచీ పెట్టినవాణ్ణి ఒకణ్ణి చెవి పట్టుకుని మెట్లు దింపిందని చెప్పుకుంటారు. నిజమో కాదో గాని, అప్పట్నుంచీ పేచీలు లేవు.

తోడుగా ఒక్కొక్క మనిషిని తెచ్చుకోవచ్చని మామ్మ అంది. అన్నయ్య ఒంటరిగా వచ్చాడు. "నాకెందుకు మామ్మా తోడు? నేనేమన్నా చీకటికి భయపడే పిల్లాణ్ణా?" అని నవ్వాడు. మిరప మొగుణ్ణి తెచ్చుకుంది. బేకరీ వ్యాను నడిపే మనిషి. తెల్లారకముందే లేచి ఊళ్ళో ఉన్న కొట్లన్నిటికీ రొట్టెలు చేరవేస్తాడు. మాట తక్కువ. పేక ముక్క చేత్తో పట్టుకుని ఎరగడు. ఆమె వెనకాల, ఎడం పక్కన, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని టీ కప్పూ సాసరూ పట్టుకుని కూర్చున్నాడు. మొగుడు వెనకాల ఉన్నాడంటే మిరపకి కొండంత అండ.

ఆ కొండే మీద పడుతోందని ఆమెకి ఇంకా తెలియదు.

పోకర్ తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, ఎవరివి వాళ్ళే చూసుకోవాలి. బల్ల మీద అందరిదీ అయిన ముక్కలు ఐదు పడతాయి. ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి. మొత్తం ఏడింటిలో మంచి ఐదు ఎవరికి కుదిరితే మధ్యలో పోగైన పందెం కుప్ప వాళ్ళది. ప్రతి మజిలీలోనూ పందెం వేయొచ్చు. ఎదుటివాళ్ళ పందేనికి సమానంగా పెట్టాలి, లేదంటే ముక్కలు పారేసి తప్పుకోవాలి. చేతిలో ఏమీ లేకపోయినా గట్టిగా పందెం కాసి ఎదుటివాణ్ణి బెదరగొట్టొచ్చు. అందుకే ఈ ఆటలో ముక్కలు చూడటం ఒక ఎత్తు, మొహాలు చూడటం పది ఎత్తులు.

అన్నయ్య మొహం మిరపకి కొత్తా? చేతిలో మంచి ముక్కలు పడితే వాడి నోట్లోంచి తేనె కారుతుంది. "అమ్మడూ, బంగారం" అంటాడు. ఏమీ లేకపోతే నోరు కట్టేసుకుని, ముందున్న బిళ్ళల దొంతర్లు సర్దుకుంటాడు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ రెండు గుర్తులూ నమ్ముకునే ఆమె ఈ ఆటకి ఒప్పుకుంది.

కాని ఇవాళ ఆ గుర్తులేవీ పనిచేయడం లేదు. ఆమెకి మంచి ముక్కలు పడితే చాలు, అన్నయ్య పందెం దాకా కూడా రాకుండా ముక్కలు విసిరేస్తున్నాడు. ఆమె ఉత్తచేతులతో బెదిరిస్తే మాత్రం తాపీగా బిళ్ళలు తోసి, "చూపించు" అంటున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. మొదట మిరప తన జాతకాన్ని తిట్టుకుంది. తర్వాత తన మొహాన్ని తిట్టుకుంది. నా కన్ను కొట్టుకుంటోందా? గొంతు మారుతోందా? పెదవి కొరుకుతున్నానా? తన మొహాన్ని తనే రాయి చేసుకుని చూసింది. అయినా అంతే. ముందున్న దొంతర్లు తరిగిపోతున్నాయి.

"ఇవాళ నీ గాలి బాగా లేదు మిరపా," అన్నాడు అన్నయ్య. "పోనీ ఇక్కడితో ఆపేద్దామా?"

"నోరు మూసుకుని ఆడు."

అప్పుడు చూసింది. మామ్మ ముక్కలు పంచింది, మిరప అంచులెత్తి తన రెండూ చూసుకుంది, తలెత్తింది. అన్నయ్య ఆమె మొహం చూడటం లేదు. ఆమె భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడు. మరుక్షణం ఆమె వెనకాల పింగాణీ మీద పింగాణీ తగిలిన చిన్న చప్పుడు. టక్. అన్నయ్య ముక్కలు పారేశాడు.

ఆమె చేతిలో ఉన్నది రాణుల జత.

గాలికి గుడ్డ కదిలినట్టు ఏదో కదిలింది ఆమె లోపల. ఛ, అనుకుంది. మనసు పాడైపోతోంది, ఓడిపోయేవాళ్ళకి గోడ కూడా శత్రువే అనుకుంది. కాని చెవి మాత్రం ఆ తర్వాత ముక్కల దగ్గర లేదు, వెనకాల కిటికీ దగ్గరే ఉండిపోయింది. తర్వాతి పంపకంలో రాజు, దాని పక్కన పనికిరాని ఎనిమిది. టక్. అన్నయ్య తప్పుకున్నాడు. ఆ తర్వాత నాలుగు, తొమ్మిది. చప్పుడు లేదు. అన్నయ్య హాయిగా పందెం పెంచాడు.

అసలు వెనకాల కూర్చున్న ఆయన ఇన్ని టీలు ఎందుకు తాగుతున్నాడు? రెండో కప్పు తాగితే కడుపులో తిప్పుతుందనే మనిషి! గాలి తగలడం లేదని ఇందాక కుర్చీ జరుపుకున్నాడు. గాలి వచ్చేది కిటికీలోంచి. ఆయన జరిగింది కిటికీకి దూరంగా, ఆమె భుజానికి దగ్గరగా.

ఇంకొక్కసారి చూడాలనుకుంది. ఈసారి రెండు అరచేతులూ గూడులా కప్పి, ముక్కలు తన కళ్ళకి తప్ప చీమకి కూడా కనిపించకుండా చూసుకుంది. వెనకాల ఏ చప్పుడూ లేదు. అన్నయ్య ఎదురుచూశాడు. గొంతు సవరించుకున్నాడు. దొంతర్లు సర్దాడు. ఆమె భుజం మీదుగా చూసి కనుబొమలు ముడేశాడు. వెనకాల కుర్చీ కాలు నేలమీద కీచుమంది, ఆ మనిషి మెడ చాస్తున్నాడు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టుకున్నాక ఏం చేయాలో ఆ సామెత చెప్పలేదు.

మిరపకి అరికాలి మంట నెత్తికెక్కింది. బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. ఎత్తి తిరగేయాలి. బిళ్ళలన్నీ మెట్ల మీదుగా సైకిళ్ళ షాపు దాకా దొర్లాలి. ఆ కప్పు లాక్కుని ఆ టీ ఆయన నెత్తిమీదే పోయాలి. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన్ని ఒక్కసారి అనుమానించిందా? పొయ్యి పాడైన వారం రోజులూ తన పక్కన నిలబడి ఇటుకలు అందించింది ఈ మనిషేనా? బేకరీ అమ్మితే నేను ఒప్పుకోనని తను అన్నయ్య మొహం మీద అంటుంటే, ఈ మనిషి పక్కన నిలబడి తలూపలేదా? ఎప్పట్నుంచి? ఎంతకి? ఇద్దరూ కలిసి ఎక్కడ కూర్చుని మాట్లాడుకున్నారు, తన వ్యానులోనా, తన వంటింట్లోనా?

మామ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఏమ్మా, ఒంట్లో బాలేదా?"

నోటి దాకా వచ్చింది. చెప్పేస్తే ఏమవుతుంది? అన్నయ్య మొహం ఎర్రగా చేసుకుని ఒట్లు వేస్తాడు. ఆయన నేల చూపులు చూస్తాడు. మామ్మ ఆట రద్దు చేస్తుంది. రేపట్నుంచి ఇంట్లో మళ్ళీ అదే రభస, పైగా ఓడిపోతున్నాను కాబట్టి కట్టుకున్నవాడి మీదే నింద వేశానని ఊరంతా పాకుతుంది. దొంగలిద్దరూ దొరల్లా తిరుగుతారు.

"బాగానే ఉన్నాను మామ్మా. పంచండి," అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది. ఎప్పుడూ అరుపై బయటికి దూకే కోపం, మొదటిసారి లోపలే కూర్చుని పళ్ళు నూరుతోంది.

అక్కణ్ణుంచి అరచేతులు గూడు కట్టే ఆడింది. కప్పు మూగబోయింది. అన్నయ్య ఆట చేతికర్ర లాగేసిన ముసలాడి నడకైంది. ఇన్ని పంపకాలుగా అతను చెల్లెలి మొహం చూడనేలేదు, అరువు కళ్ళతో ఆడాడు. ఇప్పుడు ఆ కళ్ళు లేకపోయేసరికి తనవి మసకబారాయి. ఆమె బెదిరిస్తే పారిపోయాడు, ఆమెకి నిజంగా పడితే ఎదురొచ్చాడు. ఆమె దొంతర్లు మళ్ళీ లేచాయి. పొద్దు కిటికీ దాటి గోడ మీదికి వచ్చేసరికి అతని కుప్ప కన్నా ఆమెది ఒక పిడికెడు ఎక్కువే అయింది.

"ఏమిటే, ముక్కల్ని గుడ్లు పొదిగినట్టు పొదుగుతున్నావు?" అన్నాడు అన్నయ్య. నవ్వుతూనే అన్నాడు గాని, ఆ నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

"నా ముక్కలు నేను ఎలా చూసుకుంటే నీకెందుకు? నీకేమన్నా కనిపించాలా?"

అతను గబుక్కున తల దించుకున్నాడు.

ఇలాగే ఆడుతూ పోతే మెల్లగా గెలవొచ్చు. కాని గెలవకపోనూవచ్చు, ముక్కలు ఎవరి చుట్టాలు? పైగా మిరపకి మెల్లగా గెలవాలని లేదు. తననే నిచ్చెనగా వేసుకుని ఎక్కుతున్నవాళ్ళిద్దర్నీ ఆ నిచ్చెన మీద ఉండగానే పడగొట్టాలని ఉంది. ఆలోచించింది. కప్పు ఏం చెబుతోంది? బొమ్మ ముక్కో జతో ఉంటే టక్. లేకపోతే లేదు. అంతకు మించి చెప్పడం ఆయనకి రాదు. ఆట మొదట్లో ఒకసారి ఆమెకి ఎనిమిది, తొమ్మిది పడ్డాయి, బల్ల మీద ఐదూ ఆరూ ఏడూ వచ్చి, జతల్ని కొట్టేసే ఐదు ముక్కల వరుస కుదిరింది. చప్పుడు లేదు. అన్నయ్య ధీమాగా బిళ్ళలు తోసి దండిగా పోగొట్టుకున్నాడు. అప్పుడది అదృష్టం అనుకుంది. వరుస అంటే ఏమిటో వ్యాను డ్రైవరుకి తెలియదు, అంతే. ఆయన చూసేది ఆమె రెండు ముక్కలే. బల్ల మీద ముక్కలతో అవి ఏం సంసారం చేస్తున్నాయో ఆయనకి పట్టదు.

అయితే అలాంటి రెండు ముక్కలు కావాలి.

చాలాసేపు రాలేదు. మామ్మ పంచుతూనే ఉంది, చిన్న చిన్న పందేలు అటూ ఇటూ పోతూనే ఉన్నాయి. చివరికి ఒక పంపకంలో గూడు కట్టి చూసుకుంటే కళావర్ ఆరు, డైమన్ ఐదు. మిరప రెండు ముక్కల్నీ బల్ల మీద బోర్లా పెట్టి, మెడ నొప్పిగా ఉన్నట్టు అటూ ఇటూ తిప్పింది. మర్చిపోయినట్టు మళ్ళీ తీసి, ఈసారి అరచేతులు తీసేసి, తాపీగా, ఎడం పక్కకి కాస్త వాల్చి చూసుకుంది. చూసుకో నాయనా. కళ్ళారా చూసుకో.

వెనకాల కుర్చీ కదల్లేదు. చప్పుడు రాలేదు. కప్పు ఆయన చేతిలోనే ఉంది.

ఆమె అరచేతులు తీసింది చూసి అన్నయ్య భుజాలు ఒక్క అంగుళం కిందికి దిగాయి, ఊపిరి పీల్చుకున్నాడు. పందెం పెంచాడు. ఆమె సమానంగా పెట్టింది.

మామ్మ మూడు ముక్కలు తిప్పింది. ఇస్పేట్ రాజు, కళావర్ ఏడు, డైమన్ నాలుగు. మిరపకి నాలుగు, ఐదు, ఆరు, ఏడు వరసగా నిలబడ్డాయి. అటు మూడో ఇటు ఎనిమిదో పడితే వరుస పూర్తవుతుంది. పందెం కాసింది. అన్నయ్య కప్పు వైపు చూసి సమానంగా పెట్టాడు.

నాలుగో ముక్క ఆటీన్ మూడు.

మిరప రెప్ప వేయలేదు. మూడు నుంచి ఏడు దాకా వరుస తన చేతిలో ఉంది. ఇప్పుడు ఎక్కువ పెడితే పారిపోతాడా? పారిపోడు. ఏమీ లేదని చెల్లెలి మొగుడే చెబుతున్నాడుగా. బల్ల మీదున్న కుప్పకి దాదాపు సమానంగా తోసింది. అన్నయ్య భుజం మీదుగా చూశాడు, తీరిగ్గా బిళ్ళలు లెక్కపెట్టి పెట్టేశాడు.

"అమ్మడూ," అన్నాడు. "ఎందుకే ఈ పంతం? నాన్న ఉన్నప్పుడూ ఇంతే. పొయ్యిలో చెయ్యి పెట్టొద్దంటే పెట్టేదానివి."

తేనె. అమ్మడూ అన్నాడు. అంటే మంచి ముక్కలున్నాయా? లేకపోతే ఆమెకి ఏమీ లేదని తెలిసిన ధీమా అలా కారుతోందా? ఇదే చిక్కు. అతని గుర్తుల్ని కప్పు కలుషితం చేసేసింది. ఇప్పుడు ఆ తేనె ముక్కల్లోంచి వస్తోందో, కిటికీ దగ్గర్నుంచి వస్తోందో ఎలా తెలియాలి?

మామ్మ ఐదో ముక్క తిప్పింది. డైమన్ రాజు.

బల్ల మీద రాజులు రెండయ్యారు. అన్నయ్య చేతిలో రాజుతో పాటు ఏడో, నాలుగో, మూడో ఉంటే మూడు రాజులకి ఒక జత కలుస్తుంది, పోకర్లో నిండు ఇల్లంటే అదే. ఏడుల జతో, నాలుగుల జతో, మూడుల జతో దాచుకున్నా అంతే. అలాంటి ఇల్లు కట్టుకున్నవాడి ముందు వరుస నిలబడదు. నిమ్మళంగా పందెం మానేసి ముక్కలు చూపించుకుంటే నష్టం తగ్గుతుంది, గెలుపూ తగ్గుతుంది. అంతా తోస్తే, అతనికి ఇల్లు కుదిరి ఉంటే, ఇవాళ్టితో పొయ్యి ఆరిపోయినట్టే.

ఐదో ముక్క పడిన క్షణాన్ని ఆమె మళ్ళీ కళ్ళముందుకి తెచ్చుకుంది. రాజు తిరగబడింది. అన్నయ్య కళ్ళు ఎటు పోయాయి?

ఎప్పుడైనా తనకి పనికొచ్చే ముక్క పడితే మనిషి కళ్ళు ముందు తన బిళ్ళల మీదికి దిగుతాయి. ఎంత లాగొచ్చు, ఎంత తోయాలి అని. ఎవరి కళ్ళైనా అంతే. అన్నయ్య కళ్ళు దిగలేదు. రాజు పడీ పడగానే కప్పు వైపు పరుగెత్తాయి. ఎందుకు? చెల్లెలి దగ్గర బొమ్మ లేదని ముందే తెలిసినా, ఆ రాజు కలిసిందేమోనన్న కంగారు. ఇల్లు కట్టుకున్నవాడికి పక్కింట్లో ఏముందో ఎందుకు? రాజు అతనిది కాదు. చిన్న ముక్కల జత దాచుకున్నా ఇప్పుడు ఇల్లు పూర్తయ్యేది, అప్పుడూ అంత కంగారు పడడు. వాడి దగ్గర ఉన్నది ఏదో ఒక మోస్తరు ముక్క. ఏమీ లేని చెల్లెల్ని ఓడించడానికి సరిపోతుందని నమ్ముతున్న ముక్క.

రాజు కోసం కప్పుని అడిగావు కదరా అన్నయ్యా. అక్కడే దొరికిపోయావు.

ఆమె రెండు ముంజేతులూ బల్ల మీద ఆనించి, ముందున్న బిళ్ళలన్నీ మధ్యకి తోసేసింది. ఒకటి దొర్లి కిందపడింది. మామ్మ వంగి తీసి కుప్పలో వేసింది.

"అంతా," అంది మిరప.

అన్నయ్య ఆమె మొహం చూశాడు, ఆ మధ్యాహ్నం మొదటిసారి. చాలాసేపు చూశాడు. ఆ కళ్ళని అలాగే నమ్ముకుని ఉంటే, పళ్ళెం చుట్టూ పెరిగిన ఆ రోజులు ఏమైనా చెప్పేవేమో. ఎందుకంటే మిరప మొహం నిజంగానే మండిపోతోంది, ఉత్తచేతులతో బెదిరించేవాళ్ళ మొహం అలా మండదు. అతనికి అనుమానం వచ్చింది కూడా, నుదురు ముడిపడింది. కాని చివర్న మళ్ళీ భుజం మీదుగా చూశాడు. చప్పుడు లేదు.

"సరే," అన్నాడు. తన బిళ్ళలన్నీ తోశాడు. "ఎన్నిసార్లు చెప్పినా వినవు. చూపించు."

తనవి తనే ముందు తిప్పాడు. ఇస్పేట్ ఆసు, ఆటీన్ ఏడు. రాజుల జత, ఏడుల జత.

మిరప వెంటనే తిప్పలేదు. వెనక్కి చూడకుండానే అంది. "ఏవండీ, ఆ కప్పు ఇక కింద పెట్టండి. ఎప్పుడో చల్లారిపోయుంటుంది."

అప్పుడు ఆరు, ఐదు బల్ల మీద పెట్టింది.

మామ్మ వేలితో ఒక్కొక్కటే జరుపుతూ, "మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. వరుస," అంది. "కుప్ప అమ్మాయిది. ఆట అయిపోయింది."

అన్నయ్య ఆ ఐదు ముక్కల వంక, చచ్చిన పాము మళ్ళీ కదిలితే చూసినట్టు చూశాడు. తర్వాత కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "ఏమీ లేదన్నావు కదయ్యా!" అని మిరప భుజం మీదుగా అరిచాడు. అరిచాక తెలిసింది ఏమన్నాడో.

"వినిపించిందా మామ్మా?" అంది మిరప.

"నాకు కళ్ళే మసక. చెవులు బాగానే ఉన్నాయి," అంది మామ్మ.

"అయితే... అయితే ఆట చెల్లదు," అన్నాడు అన్నయ్య. మొహం కందగడ్డ అయింది. "మోసం జరిగింది. మోసం జరిగిన ఆట ఎలా చెల్లుతుంది?"

దొంగే దొంగా దొంగా అని అరవడం మిరప వినడమే గాని చూడటం అదే మొదలు. ఇంతసేపూ లోపల కూర్చున్న కోపం లేచి నిలబడింది. "సిగ్గుందా నీకు? నువ్వు చేసిన మోసాన్ని నువ్వే పట్టుకుని నాకు తీర్పు చెబుతావా? అమ్మాలని ఉంటే నా కళ్ళలోకి చూసి కొట్లాడు. నాన్న నీకు నేర్పింది ఇదా? నా ఇంట్లోకి దూరి, నా మొగుణ్ణి నా వెనకాల కూర్చోబెట్టి, నా భుజం మీదుగా నా ముక్కలు తింటావా?"

"చెల్లదనే మాట, నువ్వు గెలిచుంటే," అని మామ్మ అన్నయ్యతో నింపాదిగా అంది. "మోసం చేసి గెలిస్తే చెల్లదు. మోసం చేసి కూడా ఓడిపోతే, దానికి నా క్లబ్బులో మందు లేదు నాయనా. నడు."

మిరప ఇటు తిరిగింది. మొగుడు కప్పు పట్టుకునే నిలబడి ఉన్నాడు. కప్పు సాసర్ మీద గడగడా కొట్టుకుంటోంది, ఇప్పుడు ఆపడం ఆయన వల్ల కావడం లేదు.

"ఎంతకి అమ్ముడుపోయావు?"

నువ్వు అంది. పెళ్ళైన నాటి నుంచి మీరు తప్ప మరో మాట ఎరగని నోటితో అంది. అన్నయ్య కూడా అదిరిపడి చూశాడు.

"పైసా తీసుకోలేదు," అన్నాడాయన.

"మరి ఊరికే చేశావా? అది ఇంకా సిగ్గు! పొద్దున్న నాకు మంచి జరగాలని చెప్పి వ్యాను తుడిచావు. నేను ఓడిపోతుంటే వెనకనుంచి భుజం తట్టావు. ఆ చేత్తోనే కదూ కప్పు పెట్టావు? నీకు బేకరీ వద్దంటే నాతో చెప్పడానికి నోరు లేదా? నేను అరుస్తాననా? అరుస్తాను! అరిచి, ఏడ్చి, తర్వాత వింటాను. ఇన్నేళ్ళలో ఎప్పుడు వినలేదు?"

"వింటావు. అందుకే చెప్పలేదు," అన్నాడాయన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చెబితే ఎందుకని అడుగుతావు. ఎందుకో చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికి? వీడికా?"

"మీ అన్నయ్య కాదు. ఆయనకీ నాకూ కలిపి ఒకళ్ళే చెప్పారు. ఏం చేసైనా సరే, అది గెలవకూడదు అన్నారు."

"బావా!" అన్నాడు అన్నయ్య. ఆ ఒక్క పిలుపులో అరుపు లేదు, బతిమాలుకోవడం ఉంది.

"ఎవరు?" అంది మిరప.

ఆయన కప్పు కిటికీ గట్టు మీద పెట్టాడు. "కిందే ఉంది. వ్యానులో కూర్చుంది. ఆట ఎలా అయిందో తెలుసుకోకుండా ఇంట్లో ఉండలేనంది."

మిరప మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. సైకిళ్ళవాడు సుత్తి ఆపి చూశాడు. వ్యాను రోడ్డుకి అటు పక్కన ఆగి ఉంది. ముందు సీట్లో, రొట్టెల బుట్ట ఒళ్ళో పెట్టుకుని, అమ్మ.

నిన్న పొద్దున పిండి కలుపుతూ తన పక్కనే నిలబడ్డ అమ్మ. నువ్వే గెలుస్తావులే అని నుదుటి మీద పిండి చేత్తో నిమిరిన అమ్మ. మిరప తలుపు లాగింది. తిట్లన్నీ నాలుక చివర వరస కట్టి ఉన్నాయి.

"ఎవరు గెలిచారే?" అంది అమ్మ.

"నేను."

ఆ మధ్యాహ్నమంతా మొహాలు చదివిన కళ్ళు కదా, అమ్మ మొహాన్నీ చదవబోయాయి. అక్కడ సిగ్గుంటుందనుకుంది, కోపం ఉంటుందనుకుంది. రెండూ లేవు. అమ్మ బుట్ట అంచు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. అది భయం. నలభై ఏళ్ళలో ఆ మొహం మీద ఎప్పుడూ చూడని భయం.

"అయితే రేపు మళ్ళీ ఆ పొయ్యి ముందుకే వెళతావు," అంది అమ్మ.

"వెళతాను. ఎందుకు వెళ్ళకూడదో చెప్పు. కొడుకునీ అల్లుణ్ణీ దొంగల్ని చేసేటంత ఏముందో చెప్పు!"

మెట్ల మీద పరుగు అడుగులు. అన్నయ్య రోడ్డు దాటుతూ, వస్తున్న బండిని కూడా చూసుకోకుండా, "అమ్మా, వద్దు! చెప్పకమ్మా!" అని అరుస్తున్నాడు.

అమ్మ అతని వైపు చూడలేదు. మిరప చెయ్యి పట్టుకుని వ్యానులోకి లాక్కుంది.

"మీ నాన్న గుండె ఆగి పోలేదే, ఆయన్ని తీసుకుపోయింది ఆ పొయ్యే," అంది.